ఎరుపు దిగుతుందని అనుమానం

జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పందొమ్మిదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఉండేది కోరుట్లలో. రోజూ బస్సులో పోయి రావడమే. ఇన్నేళ్లలో నా ఎర్ర పెన్ను ఎక్కువసార్లు కొట్టేసిన వాక్యం ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను: ఐ హావ్ ఎ డౌట్. పాఠం మధ్యలో ఏ పిల్ల లేచి నిలబడినా ముందు ఈ మాటే వస్తుంది. "డౌటు కాదమ్మా, క్వశ్చన్ అనాలి. డౌటంటే నేను చెప్పేది నువ్వు నమ్ముతలేవని" అంటాను. ఆ పిల్ల సర్దుకుని కూర్చుంటుంది, అడగాలనుకున్నది మరిచిపోతుంది. పిల్లలు నా వెనక నన్ను డౌట్ మేడం అంటారని కూడా నాకు తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. లోలోపల నాకది బిరుదులాగే ఉండేది.

అంత తెలిసినదాన్ని, అదే మాటతో మా బావను ఒక పరాయి మనిషి ముందు అబద్ధాలకోరును చేశాను.

బావ అంటే మా అక్క భర్త. సిరిసిల్లలో నాలుగు సాంచలు నడుపుతాడు. కరెంటు మగ్గాలను అక్కడ సాంచలంటారు. వయసులో నాకంటే పన్నెండేళ్లు పెద్ద. చదువు ఐదో తరగతితో ఆగింది. ఆయనకో అలవాటుంది. తన గుడ్డ గురించి ఎవరికి చెప్పినా ముందు దాని లోపం చెప్పి, ఆ తర్వాతే దాని బాగు చెబుతాడు. పెళ్లిచూపులకు వచ్చిన రోజున కూడా టీ అందుకోకముందే "సాంచల చప్పుడుకు నా ఎడమ చెవి సరిగ్గ వినవడదు, ముందుగాల చెప్తున్న" అన్నాడట. మా నాన్నకు ఆ మాట నచ్చే పిల్లనిచ్చాడు. అక్క మాత్రం ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది, వ్యాపారం చేసేవాడికి ఇంత నిజం ఎందుకని.

రెండేళ్ల కిందట, నేతపని చూడటానికి వచ్చిన వాళ్లతో కలిసి ఒకామె బావ వాళ్ల వీధికి వచ్చింది. లండన్ దగ్గర ఏదో చిన్న ఊళ్లో ఆమెకు గుడ్డల దుకాణం ఉందట. బావ నేసే మందపాటి తెల్ల నూలుగుడ్డ, దానికి ఎర్ర అంచు, ఆమెకు బాగా నచ్చాయి. భోజనాల బల్ల మీద పరుచుకోవడానికి అరవై గుడ్డలు కావాలని పోయాక మెయిల్ పెట్టింది. అప్పటినుంచి వీధిలో అందరికీ ఆమె లండనామె అయింది. వచ్చిన మెయిళ్లు నేను చదివి బావకు తెలుగులో చెప్పేదాన్ని. బావ చెప్పింది నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. ఆ పని చేస్తున్నందుకు నాకు కొంచెం గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు.

మొదటిసారి పంపిన గుడ్డలు బాగా అమ్ముడుపోయాయి. మళ్లీ కావాలంది. రెండోసారి గుడ్డలు తయారై, కట్టలు కట్టేముందు బావ నన్ను పిలిపించాడు.

"టీచరమ్మా, గీ ఎర్ర నూలు కొత్తగ తెచ్చింది. మొదటి దాని లెక్క లేదు. తడి చేత్తోని పట్టుకుంటె వేలికి అంటినట్టనిపిస్తున్నది. అన్నిట్ల దిగుతదని నేనంట లేను. దిగుతదని అనుమానం. గా ముచ్చట ఆమెకు ముందుగాల రాయి. వద్దంటె పంపను, ఈడనే అమ్ముకుంట."

నేను ఫోను తీసి రాయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో పొడుగు వాక్యాలు రాయకూడదని పిల్లలకు చెప్పేదాన్ని కదా, బావ మాటలన్నీ మూడు వాక్యాలకు కుదించాను. ఈసారి ఎర్ర నూలు మాకు కొత్తదని ఒకటి. పంపమంటారా అని చివర ఒకటి. మధ్యలోది, రంగు దిగడాన్ని వాళ్లు రన్ అంటారు కాబట్టి, ఇది: ఐ డౌట్ ద కలర్ విల్ రన్.

బావ మెడ చాపి ఫోనులోకి చూశాడు. "గింతేనా? నేను గంతసేపు చెప్పిన గద."

"ఇంగ్లీషుల గింత సరిపోతది బావా."

మర్నాడే జవాబు వచ్చింది. మీ మాటతో నా మనసు కుదుటపడింది, తప్పకుండా పంపండి అని. లోపం ముందే చెప్పినందుకు మెచ్చుకుంటోందనుకున్నాను. బావకూ అలాగే చెప్పాను. బావ తృప్తిగా తలూపాడు. "ముందుగాల చెప్తె ఎవలైన గట్లనే ఉంటరు" అన్నాడు. గుడ్డలు పోయాయి.

నెలన్నర తర్వాత ఇంకో మెయిల్ వచ్చింది. దాంతో పాటు ఒక ఫొటో. ఉతికిన గుడ్డ, అంచు చుట్టూ జానెడు మేర గులాబీ రంగు పాకి ఉంది. కొన్నవాళ్లు తిరిగి తెచ్చి ఇస్తున్నారట. చివర రాసిన మాటలు ఇంకా గుర్తున్నాయి. రంగు దిగుతుందని డౌట్ అని మీరు రాశారు, ఆ మాట నమ్మే నేను అమ్మాను, మీరు తెలిసి దాచారనుకోవడం నాకు కష్టంగా ఉంది, అయినా అలాగే అనిపిస్తోంది.

ఒళ్లు మండింది నాకు. డౌట్ అని రాశామని ఆమే ఒప్పుకుంటోంది, మళ్లీ దాచారని ఆమే అంటోంది. బస్సులోంచే బావకు ఫోను చేసి చదివి వినిపించాను.

"చెప్పినమని ఆమెనే రాసింది గద" అన్నాడు. "మల్ల దాచిండ్రంటదేంది?"

అదే నాకూ అర్థం కాలేదు. పైసల కోసం పేచీ పెడుతోందనుకున్నాను. బావ వెంటనే ఆమె ఇచ్చిన పైసలు మొత్తం వాపసు పంపించేశాడు. ఆ లెక్క అక్కడితో తీరింది, కానీ ఆయనకు మనసులో పడ్డది తీరలేదు. రెండు రోజుల తర్వాత అక్క ఫోను చేసింది. "మీ బావ సాంచల కాడికి పోతలేడే. అన్నం ముందట కూసొని ఊకె గదే అంటున్నడు. నన్ను దొంగ అన్నదంటడు. దొంగ అనలేదని చెప్తె ఇనడు."

అంతటితో ఆగలేదు. అదే వీధిలో మరో మూడిళ్ల వాళ్లకు లండనామె పని చెప్పి ఉంది. బావ ఆ మూడిళ్లకూ పోయి, ఆమె మాట మీద నిలబడే మనిషి కాదు, పని పట్టకండని చెప్పి వచ్చాడు. ఆయన మాటంటే వీధిలో గురి. ముగ్గురూ మానుకున్నారు.

ఇక నేను ఊరుకోదలచుకోలేదు. గట్టి జవాబు రాయాలని కూర్చున్నాను. స్టాఫ్ రూములో ఉర్దూ చెప్పే సారుకు రాసినంతవరకు వినిపించాను. ఆయన పాన్ నములుతూ శ్రద్ధగా విన్నాడు. "సహీ హై మేడం. శక్ ఉన్నదని మీరు ముందే చెప్పిండ్రు. ఇంక ఆమెకు ఏం కావాలె? జర కోపం తగ్గించి రాయుండ్రి, గంతే." కోపం తగ్గించడం నావల్ల అయ్యే పని కాదు. ఇంకా పెంచాలనే ఉంది. మేము ముందే తెలియజేశాం అన్న వాక్యంలో 'నిస్సందేహంగా' అన్న మాట ఇరికించాలనుకున్నాను. నో డౌట్ అనాలా, వితౌట్ డౌట్ అనాలా, ఏది గట్టిగా తగులుతుంది? ఈ సంగతి తేల్చుకోవడానికి లైబ్రరీకి వెళ్లి లావుపాటి నిఘంటువు దించాను.

నో డౌట్ అంటే అంత గట్టి మాటేమీ కాదట. 'బహుశా' అనడానికి కూడా వాడతారట. పందొమ్మిదేళ్ల తర్వాత ఈ ముక్క తెలిసినందుకు నాలో నేనే నవ్వుకుని, చూపు కొంచెం పైకి జరిపాను. అక్కడ డౌట్ క్రియగా ఉంది. దాని అర్థం: ఒకటి జరగదేమోనని, నిజం కాదేమోనని అనుకోవడం. కింద ఉదాహరణ. ఐ డౌట్ హి విల్ కమ్: అతను వస్తాడని నాకు నమ్మకం లేదు.

ఒకసారి చదివాను. మళ్లీ చదివాను. లేచి ఇంకో నిఘంటువు తెచ్చి చూశాను, అదీ ఇదే చెప్పింది.

నిజానికి ఇందులో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. ఫలానావాడు దొంగ అని అనుమానం అని మనమంటే, దొంగే అయి ఉంటాడని. ఇంగ్లీషులో అదే వాక్యంలో డౌట్ పెడితే, దొంగ కాకపోవచ్చని. మన అనుమానం మాట వెంట నడుస్తుంది, వాళ్ల డౌటు మాటకు ఎదురు తిరుగుతుంది. రంగు దిగుతుందని అనుమానం అని బావ చెప్పాడు. రంగు దిగదులెండి అని నేను రాశాను. అనుమానానికి డౌటు అని చిన్నప్పుడు ఒకసారి కంఠతా పట్టాను, మళ్లీ దానివైపు చూడలేదు. సస్పెక్ట్ అన్న మాట నాకు రాక కాదు. అది పోలీసుల మాటని పక్కన పెట్టి ఉంచాను. ఉర్దూ సారుకూ తప్పు కనపడకపోవడంలో వింత లేదు. ఉర్దూలో అనుమానానికి ఆయన వాడే శక్ కూడా మన అనుమానం నడిచే దారిలోనే నడుస్తుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. డౌట్ అన్న మాట కనపడితే చాలు ఎర్ర పెన్ను తీసేదాన్ని. నా మాటను మాత్రం నేను ఒక్కనాడూ దిద్దుకోలేదు.

సాయంత్రం కోరుట్ల బస్సు కిక్కిరిసి ఉంది. మెట్టు మీద నిలబడ్డ ఒక ముసలామె కండక్టరును అడిగింది, సీటు దొరుకుతుందా అని. "కోరుట్ల దాక దొరుకుడు డౌటే అమ్మా" అన్నాడతను. దొరకదని అర్థం. ఆమెకూ అదే అర్థమైంది, మెట్టు మీదే మూట దించుకుంది. అంటే కండక్టరుకు తెలుసు, మూటతో ఉన్న ముసలమ్మకు తెలుసు, ఎమ్మే ఇంగ్లీషు చదివిన నాకు తెలియదు. ఆ క్షణంలో కండక్టరు మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. టికెట్టు కూడా విసురుగా లాక్కున్నాను.

ఆదివారం పొద్దున వేములవాడ బస్సెక్కాను, అక్కడ దిగి సిరిసిల్లకు మారాలని. దారంతా ఒకటే ఆలోచన, అదీ మంచిది కాదు. లండనామెకు తప్పు నాదేనని చెప్పుకుంటూ రాసేస్తే సరిపోతుంది కదా. ఆమె ఎక్కడో ఉంది, మళ్లీ నా మొహం చూసేది లేదు. బావతో మాత్రం, ఆమె సరిగ్గా అర్థం చేసుకోలేదు, ఇప్పుడు విడమరిచి రాశాను అంటే నమ్ముతాడు. నేనేం చెప్పినా నమ్ముతాడు. వేములవాడ వచ్చేసరికి ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కూడా కుదుర్చుకున్నాను. బస్టాండులో తలనీలాలిచ్చి వచ్చిన జనంతో సిరిసిల్ల బస్సు నిండిపోయింది. నిలబడే పోయాను. ఆ అరగంటలో నాకు నామీదే అసహ్యం వేసింది. నిజం ముందు చెప్పుకునే మనిషి దగ్గరికి అబద్ధం నెమరేసుకుంటూ పోతున్నాను.

బావ నన్ను చూసి సాంచలు ఆపించాడు. నేను ఆయన కుడిపక్కన కూర్చున్నాను. అక్క నీళ్లిచ్చి అక్కడే గడపకు ఆనుకుంది. నిఘంటువులోంచి రాసుకుపోయిన కాగితం విప్పి మొత్తం చెప్పాను. దొంగ అని అనుమానం అన్న ఉదాహరణ కూడా చెప్పాను.

"అంటె, రంగు దిగదని రాసినమన్నట్టు" అన్నాడు బావ అంతా విన్నాక.

"అవ్ బావా."

"ఆమె గది నమ్మి అమ్ముకున్నదన్నట్టు."

"అవ్."

"మరి ఆమె తప్పేమున్నది?"

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన లండనామె గురించే ఆలోచిస్తున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నలభై ఆరేళ్ల మనిషిని, అక్క కొంగు పట్టుకుని ఏడ్చాను. అక్క నా వీపు నిమురుతూ "ఒక్క మాటకు గింత లొల్లి ఐతదా" అని విసుక్కుంది. ఎవరి మీద విసుక్కుందో తెలియదు.

"ఏడ్సుడు ఎన్క ఏడ్వొచ్చు" అన్నాడు బావ. "ముందుగాల రాయి. పైసలు ఎప్పుడో పోయినయ్, గది గాదు ముచ్చట. నేను ఆమెకు అబద్ధం చెప్పలేదు. గదొక్కటి ఆమెకు తెల్వాలె."

రాశాను. మా బావ రంగు దిగుతుందనే అనుకున్నారు, నాతో అదే చెప్పారు, నేను ఆ మాటను తిరగేసి రాశాను అని. ఈసారి సస్పెక్ట్ పెట్టాను. బావ అన్న మాటలు అన్నట్టే తెలుగులో కూడా కింద రాసి, తెలుగు తెలిసినవాళ్లెవరైనా దొరికితే చదివించుకోమన్నాను. పంపబోతుంటే బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. నువ్వు రాసింది నాకు మల్ల తెలుగుల చెప్పు."

ఇదివరకు ఎప్పుడూ ఆ మాట అడగలేదు ఆయన. వాక్యం వాక్యం చెప్పాను. మూడోదాని దగ్గర ఆపి, మళ్లీ చెప్పమన్నాడు. అప్పుడు పంపనిచ్చాడు.

జవాబు తొమ్మిది రోజులకు వచ్చింది. ఆ తొమ్మిది రోజులు క్లాసులో ఎవరు డౌటన్నా నేను దిద్దలేదు. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఆమె రాసింది నాలుగే వాక్యాలు. మీ బావగారి మాటలు ఒక తెలుగు డాక్టరుతో చదివించుకున్నాను. మీ బావగారు చెప్పింది నిజమేనని నమ్ముతున్నాను. నేను రాసిన కోపపు మాటలను మనసులోంచి తీసేయమని ఆయనకు చెప్పండి. రంగు మారిన గుడ్డ ఒకటి మా వంటింట్లో పరుచుకున్నాం.

ఇది ఫోనులో చెప్పేది కాదనిపించింది. ఆదివారం దాకా ఆగి, ఆయన ఎదురుగా కూర్చుని చదవాలని సిరిసిల్ల వెళ్లాను. వీధి మొదట్లోనే, లండనామె పని వద్దనుకున్న ముగ్గురిలో ఒకాయన అరుగు మీద కనిపించాడు. బావ కంటే పెద్దవాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏం మేడం, మీ బావ ఇంగ్లీషు ఎప్పుడు నేర్సిండు?"

నాకు అర్థం కాలేదు. "నేర్సుడేంది పెద్దయ్యా?"

"పోయిన వారం కాదు, గా ముంగటి ఐతారం, పొద్దుగూకే యాల్లకు ఇంటింటికి తిరిగిండు. లండనామె మంచిదే, ఆమెకు రాసిన కాయితంల నేనే తప్పు రాసిన, మీరు ఆమె పని పట్టుండ్రి అన్నడు. నాకు నవ్వచ్చింది. నీకు ఇంగ్లీషుల ఒక్క అక్షరం రాదు, తప్పెట్ల రాసినవ్ అని అడిగిన. ఆగకుంట పక్కింటికి పోయిండు."

నేను ఏడ్చి, రాసి, బస్సెక్కి వచ్చేసిన ఆదివారం సాయంత్రమే. ఆమె నమ్ముతుందో లేదో ఇంకా తెలియని రోజు. నాకు తెలిసి మా బావ ఆడిన అబద్ధం అదొక్కటే, అది నాకోసం ఆడాడు.

"ఆయన రాయలేదు" అన్నాను. "నేను రాసిన. తప్పు నాది."

ఆయన నవ్వు ఆపి నన్ను చూశాడు. "మీరు పిల్లలకు ఇంగ్లీషు చెప్తరు గద."

"చెప్త. ఐనా తప్పు రాసిన."

అరుగు పక్కన నిలబడి డౌటంటే ఏమిటో, అనుమానమంటే ఏమిటో ఆయనకు మొత్తం చెప్పాను. ఆ తర్వాత మిగతా రెండిళ్లకూ వెళ్లి, రాసింది నేనని చెప్పి, అప్పుడు మా అక్క వాళ్ల గడప తొక్కాను.